కుక్క పట్టిన పెట్టకి వీపు మీద చర్మం ఊడిపోయింది, ఏం చేయాలి?

పెరటి పెట్ట
నిన్న సాయంత్రం వీధికుక్క మా నాటుపెట్టని పట్టింది. తోక మొదట్లో అరచేతి మేర చర్మం ఊడి మాంసం కనబడుతోంది. నెత్తురు ఆగింది. కళ్లు మూసుకుని మూలన కూర్చుంటోంది, మేత ముట్టట్లేదు, రెట్ట ఆకుపచ్చగా ఉంది. పసుపు అద్దాం. కుట్లు వేయించాలా? ఇంట్లో డైక్లోఫెనాక్ ఉంది, చిన్న ముక్క వేయొచ్చా?

గంపకింద కోడి
డైక్లోఫెనాక్ వద్దే వద్దండీ. అది పక్షుల కిడ్నీలను పాడుచేస్తుంది. రాబందులు అలాగే పోయాయి, అందుకే 2006లో పశువైద్యానికి దాని తయారీ ఆపించారు. నొప్పికి మెలోక్సికామ్ ఉంది, బరువు చూసి డాక్టరే మోతాదు చెప్పాలి.

ముందు షాక్ తగ్గాలి. అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి చీకటిగా, సద్దు లేని చోట పెట్టండి. చలిగా ఉంటే ఒక పక్కన మాత్రమే 60 వాట్ల పాత రకం బల్బు అడుగున్నర దూరంలో వేలాడదీయండి. నోరు తెరిచి రొప్పితే వేడి ఎక్కువైనట్టు. ముక్కు ముందు ఓఆర్‌ఎస్ నీళ్లు పెట్టండి, నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తేరుకున్నాక గాయం కడగాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే తలగొట్టి చెంచాన్నర. 20 ఎం.ఎల్. సిరంజితో ధారగా కొడుతూ పసుపు పక్కు అంతా పోయేదాకా కడగండి. పొడి పసుపు గట్టిపడితే దాని కింద చీము పట్టినా కనబడదు. చుట్టూ ఈకలు కత్తిరించండి, పీకొద్దు, చర్మం ఇంకా చిరుగుతుంది. తర్వాత బెటాడిన్ ఒక వంతుకి పది వంతుల నీళ్లు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్త కండను కాలుస్తాయి. ఆరాక సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము పలచగా.

రాత్రంతా గడిచిన కుక్కకాటుని మూసి కుట్టేస్తే మురికి లోపలే ఉండిపోతుంది. తెరిచి ఉంచితేనే మేలు. కోడి కండ అడుగు నుంచి బాగానే పూడుకొస్తుంది.

వెటర్నరీ సాయం
రెట్ట ఆకుపచ్చన తినకపోవడం వల్ల, పైత్యరసం ఒక్కటే వస్తోంది. ఉడికిన గుడ్డు పచ్చసొన, నానబెట్టిన మేత పెట్టి చూడండి.

ఊడిన చోటే చూసి ఆగకండి. రెక్కల కింద, తొడల దగ్గర ఈకలు పాయలు తీసి వెతకండి. కోరలు దిగిన చిన్న రంధ్రాలే లోతుగా చీము పడతాయి. చర్మం బుడగలా ఉబ్బి, నొక్కితే కరకరమంటే గాలితిత్తి (పక్షి ఒంట్లో ఊపిరితిత్తులకి కలిసి ఉండే గాలిసంచి) చిరిగింది, ఇంట్లో తేలే పని కాదు. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి. యాంటీబయాటిక్ వాడితే డాక్టరు చెప్పినన్నాళ్లు గుడ్లు తినొద్దు.

పెరటి పెట్ట
కడిగాం, నీళ్లు తాగింది. గాయం అంచున ఈకలకి తెల్లగా సన్న గింజల్లా అంటుకున్నాయి. ఉప్పా?

గంపకింద కోడి
ఈగ గుడ్లు! ఇప్పుడే తీసేయండి, ఒక్క రోజులోనే పురుగులైపోతాయి. ఆ ఈకలను మొదలంటా కత్తిరించి, మిగిలినవి పట్టకారుతో తీసి, మళ్లీ ఆ ఉప్పునీళ్ల ధార కొట్టండి. కిరోసిన్, టర్పెంటైన్, ఫినాయిల్ పోయకండి, చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతాయి. పెట్టెకి దోమతెర కప్పి ఇంట్లోనే ఉంచండి, రెట్ట పడ్డ గుడ్డ రోజుకి రెండుసార్లు మార్చండి. వేపనూనె గాయం చుట్టూ మాత్రమే, లోపల కాదు.

ఎర్రగా కనిపించినంత కాలం మందలో వదలొద్దు, మిగతా కోళ్లు అక్కడే పొడుస్తాయి. కొత్త చర్మం పూర్తిగా మూసుకున్నాక, చీకటి పడ్డాక గూట్లో కలపండి.