మా కుక్క స్పే (పిల్లలు పుట్టకుండా చేసే) ఆపరేషన్ అయిన నాలుగో రోజు నుంచి చెప్పు జోలికి వెళ్తే గుర్రుమంటోంది. నొప్పేనా?

గుంటూరు ఇండీ:
మూడేళ్ల ఆడ ఇండీ (నాటు కుక్క), 20 కిలోలు. శుక్రవారం గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మొదటి రాత్రంతా మూలుగుతూ, గోడకేసి చూస్తూ కూర్చుంది. పిలిస్తే పలకలేదు. రెండో రోజు లేచి తింది, మూడో రోజుకి మామూలైపోయింది అనుకున్నాం. నాలుగో రోజు నుంచి వరస మారింది. మంచం కింద దుప్పటి గీరి గూడులా చేసుకుని, పాత రబ్బరు చెప్పు పొట్టకి ఆనించుకుని పడుకుంటోంది. అటు చెయ్యి పోతే పళ్ళు చూపిస్తోంది. ఇంతకుముందు ఇలా ఎప్పుడూ లేదు. కుట్లు పొడిగానే ఉన్నాయి. మెలోక్సికామ్ అనే నొప్పి సిరప్ డాక్టరు చెప్పినట్టు మూడు రోజులు ఇచ్చి ఆపేశాం. ఇంట్లో మేం వాడే నొప్పి మాత్రలున్నాయి, ఓ రెండు రోజులు ఇవ్వొచ్చా?

క్లినిక్ కాంపౌండర్:
మాత్రల సంగతి ముందు: ఇవ్వకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. "మెలోక్సికామ్ కుక్కలదే కదా" అని మెడికల్ షాపు మాత్ర తేవడం ఇంకో పొరపాటు. మనుషులకి అమ్మే మాత్ర 7.5 మి.గ్రా. మీ కుక్కకి రోజుకి పడేది కిలోకి 0.1 చొప్పున 2 మి.గ్రా., అంటే దాదాపు నాలుగింతలు ఎక్కువైపోతుంది. సిరప్ 1.5 మి.గ్రా./మి.లీ. రకమైతే 1.3 మి.లీ. చాలు. సీసా మీద బలం చదవకుండా కొలవొద్దు. పొడిగించాలంటే డాక్టరుకి ఫోన్ చేసి అడిగి, అన్నం తిన్నాకే ఇవ్వండి. వాంతులు, తారులా నల్లటి విరేచనం కనిపిస్తే వెంటనే ఆపెయ్యాలి.

మొదటి రాత్రి మూలుగు మత్తు దిగేటప్పటి గోల. ఆ స్థితిలో కుక్క మనల్ని పట్టించుకోదు, గాయం పక్కన తాకినా ప్రత్యేకంగా ఉలిక్కిపడదు. ఒక రోజులో పోతుంది. నొప్పి అలా కాదు, ముట్టుకుంటే తెలిసిపోతుంది.

ఇప్పుడు నొప్పి ఉందో లేదో చూడాలంటే దాన్ని చెప్పు దగ్గర పరీక్షించకండి. తిండి గిన్నె చప్పుడు చేసి వేరే గదిలోకి పిలవండి. అక్కడ కోతకి రెండంగుళాల దూరంలో చుట్టూ మెల్లగా నొక్కండి. గబుక్కున తల తిప్పి చెయ్యి వైపు చూసినా, పొట్ట బిగబట్టినా, గుర్రుమన్నా నొప్పి ఉన్నట్టే. అక్కడ ఏమీ అనకుండా, మంచం కింద మాత్రమే గుర్రుమంటే విషయం వేరు.

బాస్ నేనే:
నెత్తికెక్కించుకున్నారు. చెప్పు లాగేసి గట్టిగా ఓ అరుపు అరవండి, దారికొస్తుంది.

కుక్కల ట్రైనర్, హైదరాబాద్:
పై సలహా పాటిస్తే ఈసారి గుర్రుమనకుండా కరుస్తుంది. హెచ్చరించినందుకు తిట్లు పడ్డాయి కాబట్టి హెచ్చరించడం మానేస్తుంది, అంతే.

ఒక్క ప్రశ్న. ఆపరేషన్‌కి ముందు హీట్ (ఎదకి రావడం) ఎప్పుడు అయింది? చనుకట్లు ఉబ్బాయా?

గుంటూరు ఇండీ:
వేరే గదిలో నొక్కి చూశాం, ఏమీ అనలేదు, తోక ఊపింది. హీట్ అయి ఆరు వారాలు. చివరి రెండు జతల చనులు లావుగా ఉన్నాయి, పడుకున్న చోట దుప్పటి మీద తెల్లటి చుక్కలు ఉన్నాయి. చీము అనుకుని భయపడ్డాం.

కుక్కల ట్రైనర్, హైదరాబాద్:
అవి పాలు. ఇది ఉత్తుత్తి చూలు, అంటే కడుపు లేకుండానే ఒళ్ళు ఉన్నట్టు నడుచుకోవడం. హీట్ తర్వాత రెండు నెలల పాటు, కడుపుతో ఉన్నా లేకున్నా చూలు నిలిపే హార్మోన్ ప్రొజెస్టిరాన్ ఎక్కువగానే ఉంటుంది. ఆ సమయంలో అండాశయాలు తీసేస్తే అది ఒక్కసారిగా పడిపోయి, పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ లేస్తుంది. మూడు నాలుగు రోజులకే ఒళ్ళు ఈనినట్టే నడుచుకుంటుంది. మీ రబ్బరు చెప్పు ఇప్పుడు దాని పిల్ల. అందుకే అత్యవసరం కాకపోతే హీట్ అయిన మూడు నాలుగు నెలలకి స్పే చేయించమంటారు.

చేయాల్సింది: వాకింగ్‌కి ఇంకొకరు తీసుకెళ్ళినప్పుడు చెప్పు, గీరిన దుప్పటి రెండూ తీసి కనపడకుండా పెట్టెయ్యండి. మంచం కిందికి దారి అట్టపెట్టెలతో మూసెయ్యండి. అది చూస్తుండగా లాక్కోవద్దు. తప్పనిసరై తీయాల్సి వస్తే ఉడికించిన చికెన్ ముక్కలు రెండు మీటర్ల అవతల వేసి, అది అటు పోయాక తీయండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

పాలు పిండకండి, వేడి గుడ్డ కాపడం పెట్టకండి. తాకే కొద్దీ ఇంకా పడతాయి. అది నాక్కున్నా అంతే, కాబట్టి కోన్ (నాక్కోకుండా మెడకి తొడిగే గరాటు) కుట్ల కోసమే కాదు, చనుల కోసం కూడా. కోన్ అంచు ముక్కు దాటి ఒక అంగుళమైనా ముందుకి ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్ళు దూరాలి. పాలు తగ్గుతాయని నీళ్ళు తగ్గించే అలవాటు కొందరికుంది. ఆపరేషన్ అయిన కుక్కకి అది అసలు చెయ్యొద్దు.

క్లినిక్ కాంపౌండర్:
హీట్ సంగతి నేను అడగాల్సింది, తట్టలేదు. డాక్టరుకి ఇదంతా చెప్పండి, ముఖ్యంగా మీద పడేదాకా వస్తే. ప్రొలాక్టిన్‌ని తగ్గించే కాబెర్గోలిన్ రాస్తారు, కిలోకి 5 మైక్రోగ్రాముల లెక్కన రోజుకొకసారి, కొన్ని రోజులు. మీ కుక్కకి 100 మైక్రోగ్రాములు, అంటే 0.25 మి.గ్రా. మాత్రలో సగం కూడా కాదు, కాబట్టి సొంతంగా విరిచి వెయ్యొద్దు. దాంతో వాంతి అయితే వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ ఇవ్వకండి, అది కాబెర్గోలిన్ పనిని కొట్టేస్తుంది. శాంతపరచడానికని ఏస్‌ప్రొమజైన్ ఇప్పించడం కూడా తప్పే, అది ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది.

చివరి చనులు కోతకి దగ్గరగా ఉంటాయి. పాలు కారి కుట్లు తడిస్తే పొడి దూదితో అద్దండి, రుద్దకండి. చను ఎర్రబడి, గట్టిగా, వేడిగా ఉన్నా, జ్వరం 103 ఫారన్‌హీట్ దాటినా అదే రోజు చూపించాలి. చిగుళ్ళు తెల్లబడి మనిషిని పట్టించుకోకుండా వాలిపోతే రాత్రైనా సరే బయల్దేరండి, అది చూలు గొడవ కాదు, లోపల రక్తం పోతూ ఉండొచ్చు.

గుంటూరు ఇండీ:
చెప్పు తీసేశాం. ఇప్పుడు రిమోట్ పట్టుకుపోయింది.

కుక్కల ట్రైనర్, హైదరాబాద్:
రిమోట్, సాక్సులు, చిన్న బొమ్మలు అన్నీ రెండు వారాలు బీరువాలో పెట్టండి. బదులుగా నమలడానికి రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి డీప్ ఫ్రీజర్‌లో గట్టిపరిచి ఇవ్వండి, ఉప్పు, తాలింపు లేకుండా. అయిపోగానే బొమ్మ తీసేయాలి, అదీ అది వేరే గదిలో ఉన్నప్పుడు.