చవక రింఫైర్ రైఫిల్‌పై అంత ఖర్చు దేనికి?

ప్రశ్న (అనంతపురం):
అమెరికాలో 1964లో వచ్చిన రూగర్ 10/22 అనే రింఫైర్ (తూటా అడుగు అంచును కొడితే పేలే రకం) రైఫిల్‌ను చవకగా కొని, దాని ధరను మించిన ఖర్చుతో బ్యారెల్ (గొట్టం), ట్రిగ్గర్ (మీట), స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మార్చుకునే అభిరుచిపరులు చాలామంది ఉన్నారు. మొదటే మంచి మ్యాచ్ (గురి పోటీల) రైఫిల్ కొనవచ్చు కదా?

జవాబు (కర్నూలు):
ఆ రైఫిల్ నిర్మాణమే అందుకు కారణమండీ. బ్యారెల్‌ను రిసీవర్‌కు (యంత్రాంగం ఉండే మధ్య భాగానికి) పట్టి ఉంచేది రెండు స్క్రూలు గల ఒక చిన్న దిమ్మె మాత్రమే కనుక, అక్కడివారు దాన్ని ఇంట్లోనే మార్చుకోగలరు. అన్ని రకాల తూటాలూ ఇరుక్కోకుండా పనిచేయాలని ఫ్యాక్టరీ ఛాంబర్‌ను (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటును) కాస్త వదులుగా చేస్తారు. మ్యాచ్ బ్యారెల్‌లో అది బిగువుగా ఉండటం వల్ల, సీసపు గుండు బ్యారెల్ లోపలి గాడుల్లోకి వంకర లేకుండా ప్రవేశిస్తుంది. అయితే నా దృష్టిలో ముందు మార్చవలసింది ట్రిగ్గర్‌నే, ఎందుకంటే ఎక్కువ బలంతో నొక్కవలసిన ట్రిగ్గర్‌ను లాగేటప్పుడే గురి ఎక్కువగా చెదురుతుంది. స్టాక్ తరువాతి మాట.

జవాబు (కడప):
కర్నూలు మిత్రులు చెప్పినది నిజమే గానీ, తూటాను మరువకూడదు. ఈ రైఫిల్‌లో వాడే .22 లాంగ్ రైఫిల్ అనే తూటాలోని గుండు బరువు సాధారణంగా 40 గ్రెయిన్లే (సుమారు 2.6 గ్రాములు). తూటాలోని మందు పరిమాణం కొద్దిగా మారినా వేగం మారి, 100 గజాల దూరంలో గుండ్లు నిలువుగా చెదురుతాయి. అందువల్ల పలు రకాల మ్యాచ్ తూటాలను పరీక్షించి, ఆ బ్యారెల్‌కు నప్పినదాన్నే వాడాలి. మన దేశంలో మాత్రం 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మార్పులకు, మరమ్మతులకు లైసెన్సు అవసరం కనుక, ఆ పనిని లైసెన్సు గలవారికే అప్పగించండి.