ఆండ్రాయిడ్ స్టూడియో ఇన్‌స్టాల్ కావడం లేదు, మూడు రోజులైంది, ఎవరైనా చెప్పండి

బడిపంతులమ్మ | రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నేను ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి చెబుతాను. అక్షరాలు, గుణింతాలు వినిపిస్తూ పిల్లలకు నేర్పే చిన్న యాప్ చేద్దామని ఈ సెలవుల్లో కూర్చున్నాను. యాప్‌లు రాసే కోట్లిన్ భాష పాఠాలు వీడియోల్లో చూసి నోట్సు కూడా రాసుకున్నాను. తీరా చూస్తే అసలు సాఫ్ట్‌వేరే ఎక్కడం లేదు.

యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోను మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను. మొదటిసారి ఎస్‌డీకే (యాప్ తయారీకి కావలసిన పనిముట్ల కట్ట) ఫోల్డర్ అడిగే చోట ఎర్రగా ఏదో వచ్చి ముందుకు పోనివ్వలేదు. ఎవరో చెబితే దాన్ని డి డ్రైవ్‌కి మార్చాను, అది దాటింది. ఇప్పుడు కొత్త ప్రాజెక్టు తెరవగానే గ్రాడిల్ సింక్ (ప్రాజెక్టు ముక్కలన్నీ కూర్చి సిద్ధం చేసే దశ) దగ్గర ఆగిపోతోంది. లాక్ ఫైలుకు పై డైరెక్టరీ సృష్టించలేకపోయాను అంటోంది. కంప్యూటర్‌లోనే ఫోన్‌లా పనిచేసే ఎమ్యులేటర్ కూడా తెరుచుకోవడం లేదు. ఒక డైరెక్టరీ సృష్టించడానికి దానికి ఏం అడ్డం? డిస్కులో 180 జీబీ ఖాళీగా ఉంది.

నాది ఫోన్ హాట్‌స్పాట్. రోజుకు 2 జీబీ. ఒక్క డౌన్‌లోడ్‌తోనే అందులో చాలావరకు అయిపోతోంది, ఆ రోజు ఇంట్లో ఇంకెవరూ వీడియో చూడడానికి లేదు. జూన్ 12న బడి తెరుస్తారు. సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పటిదాకా ఇదే పని. అన్నం చల్లారిపోయింది. దయచేసి చెప్పండి.

స్క్రూడ్రైవర్ | రాత్రి 11:52

ర్యామ్ ఎంత మేడమ్? 8 జీబీ ఉంటే ఆండ్రాయిడ్ స్టూడియో నడుస్తుంది కానీ ఎమ్యులేటర్ కూడా తెరిస్తే మిషన్ మొరాయిస్తుంది. 16 పెట్టించుకోండి. హార్డ్ డిస్కు తిరిగే రకమైతే ముందు దాన్ని తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించండి. నా దగ్గరకు వచ్చే ల్యాప్‌టాప్‌లలో సగం సమస్యలు సాఫ్ట్‌వేర్‌వి కావు, డిస్కువే. వేడెక్కుతోందా? ఫ్యాన్ ఎప్పుడు శుభ్రం చేయించారు? మన ఊళ్లలో దుమ్ముకి ఏడాదికోసారైనా చేయించాలి. ఎమ్యులేటర్ అసలు వద్దు, మీ ఫోన్‌నే కేబుల్‌తో కలపండి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగింగ్ ఆన్ చేయండి.

బడిపంతులమ్మ | రాత్రి 11:58

8 జీబీ అండీ. ఎస్‌ఎస్‌డీనే. వేడెక్కడం లేదు. ఫోన్ కలిపే సంగతి బాగుంది, కానీ గ్రాడిల్ సింక్ కాకుండా ఫోన్‌లోకి మాత్రం ఏం పంపుతాను?

రాత్రిబండి | రాత్రి 12:03

ఎర్రర్ మొత్తం కాపీ చేసి పెట్టండి. మీ మాటల్లో వద్దు. ఫోటో వద్దు.

కోడ్‌కూలీ | రాత్రి 12:10

అడ్మిన్‌గా రన్ చేశారా? యాంటీవైరస్ ఆపి చూశారా? నాకు ఒకసారి యాంటీవైరస్ గ్రాడిల్ ఫోల్డర్‌ని తాకనివ్వకపోతే ఇలాగే అయింది.

బడిపంతులమ్మ | రాత్రి 12:21

రెండూ చేశానండీ. అదే ఎర్రర్. ఇదిగో, ఉన్నది ఉన్నట్టు చూసి రాస్తున్నాను: సి:\యూజర్స్\?????\.గ్రాడిల్\వ్రాపర్\డిస్ట్స్, దీని కింద లాక్ ఫైలుకు పై డైరెక్టరీ సృష్టించలేకపోయాను అని. ప్రశ్నార్థకాలు ఉన్న చోట నా యూజర్ పేరు ఉండాలి. భద్రత కోసం దాచి చూపిస్తోంది కాబోలు అనుకుని మొదట రాయలేదు.

రాత్రిబండి | రాత్రి 12:23

యూజర్ పేరు తెలుగులో పెట్టారా?

బడిపంతులమ్మ | రాత్రి 12:25

అవును. కొన్న రోజే ల్యాప్‌టాప్ అంతా తెలుగులో పెట్టుకున్నాను. యూజర్ పేరు 'అక్షర'. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

రాత్రిబండి | రాత్రి 12:26

అదే సమస్య. ఇంగ్లీషు అక్షరాలతో కొత్త యూజర్ చేసుకోండి.

బడిపంతులమ్మ | రాత్రి 12:31

అర్థం కాలేదండీ. ఫోల్డర్లన్నీ తెలుగు పేర్లతో ఏడాది నుంచి చక్కగా పనిచేస్తున్నాయి. వర్డ్ ఫైళ్లు, పాఠ్య ప్రణాళికలు, పిల్లల మార్కులు అన్నీ తెలుగు పేర్లే. ఇప్పుడు దీనికి ఏమొచ్చింది?

గుంటూరు_కోడర్ | ఉదయం 6:15

టీచర్ గారూ, ఆ ప్రశ్నార్థకాలను లెక్కపెట్టండి. ఐదు ఉన్నాయి. 'అక్షర' మనకు చూడ్డానికి మూడు అక్షరాలే. కంప్యూటర్‌కి అది అ, క, పొల్లు, ష, ర. ఐదు సంకేతాలు. మీ పేరులో ఒక్కో సంకేతం పోయి దాని స్థానంలో ఒక్కో ప్రశ్నార్థకం వచ్చింది. ఏదీ దాచలేదు, చదవలేక పారేసింది.

విండోస్ లోపల పేర్లన్నీ యూనికోడ్‌లోనే, అంటే అన్ని భాషల అక్షరాలకూ చోటున్న సంకేతాల పట్టికలోనే, దాస్తుంది. అందుకే మీ ఫోల్డర్లు తెలుగులో సరిగ్గా కనబడుతున్నాయి, వర్డ్ కూడా తెరుస్తోంది. కానీ పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రాములు ఫోల్డర్ పేరును కోడ్ పేజీ అనే పాత చిన్న పట్టికలో అడుగుతాయి. మన దేశపు ఇంగ్లీషు సెట్టింగ్‌లో ఆ పేజీ 1252. అందులో ఉన్నవే 256 గళ్లు, పశ్చిమ యూరప్ భాషల అక్షరాలకే సరిపోయాయి. రష్యన్‌కి 1251 ఉంది, జపనీస్‌కి 932 ఉంది. తెలుగుకి విండోస్‌లో అలాంటి పాత పేజీ లేనే లేదు, మనది యూనికోడ్‌తోనే మొదలు. కాబట్టి భాష మార్చుకున్నా ఆ ప్రోగ్రాములకు మీ పేరు అందదు. పట్టని అక్షరం ఎదురైతే విండోస్ ప్రశ్నార్థకం ఇస్తుంది.

చిక్కు అక్కడితో ఆగదు. విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం ఉండకూడదు. ఇప్పుడు గ్రాడిల్ వెళ్లి ఐదు ప్రశ్నార్థకాల పేరుతో ఫోల్డర్ చేయమని అడుగుతోంది, విండోస్ కుదరదంటోంది. మీరు అడిగారు చూశారా, డైరెక్టరీ సృష్టించడానికి ఏం అడ్డం అని? ఇదే అడ్డం. ఖాళీ ఎంత ఉన్నా లాభం లేదు, ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసినా లాభం లేదు. ఇక డౌన్‌లోడ్ చేయకండి.

మొదటిసారి ఎర్రగా వచ్చిందన్నారే, అది కూడా ఇదే. ఎస్‌డీకే మామూలుగా మీ యూజర్ ఫోల్డర్ కిందకే వెళ్తుంది.

పదకోశం | ఉదయం 7:02

ఇది చదివి మనసు చివుక్కుమంది. తెలుగు టీచరమ్మ తన సొంత యంత్రానికి తెలుగు పేరు పెట్టుకుంటే, దాన్ని తీసి ఇంగ్లీషులో పెట్టుకోమంటున్నాం. తప్పు ఆమెది కాదు. యూనికోడ్‌లో తెలుగు 1991లో మొదటి కూర్పు నుంచే ఉంది. అప్పటి నుంచి ఇన్నేళ్లు గడిచినా పనిముట్లు తెలుగు పేరున్న సంచయాన్ని తెరవలేకపోతే సరిదిద్దుకోవలసింది పనిముట్లు చేసేవాళ్లు. దోషం నమోదు చేయండి, పదిమందిమి నమోదు చేద్దాం.

ఇంకో మాట. 'ఇన్‌స్టాల్ చేయడం' ఎందుకు, 'స్థాపించడం' అనలేమా? 'ఫోల్డర్' బదులు 'సంచయం', 'డైరెక్టరీ'కి కూడా అదే. ఫైలుకు 'దస్త్రం' మనకు ముందునుంచీ ఉన్న మాటే. మనం వాడకపోతే ఇంకెవరు వాడతారు?

కోడ్‌కూలీ | ఉదయం 7:20

సంస్థ స్థాపిస్తారు, గుడిలో విగ్రహం స్థాపిస్తారు. సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ స్థాపించరు అన్నా, వేస్తారు. మా ఊళ్లో ఎవరైనా 'విండోస్ వేయించాను' అంటారు. అది తెలుగే కదా? సంచయం అంటే నాకు డబ్బు కూడబెట్టడం గుర్తొస్తుంది.

పదకోశం | ఉదయం 7:31

'వేయడం' మంచి మాటే, ఒప్పుకుంటాను. కానీ మెనూలో ఏం రాస్తారు? 'వేయి' అని రాస్తే వెయ్యి అనుకుంటారు. రాతలో స్థిరమైన మాట కావాలి.

రాత్రిబండి | ఉదయం 7:33

ఆమెకు యాప్ కావాలి.

పదకోశం | ఉదయం 7:40

యాప్ కావాలి, దానితో పాటు పేరూ ఉండాలి. పిల్లలకు తెలుగు నేర్పే ఆవిడకే ఇలా అయితే బాధ కలగదా?

డీటీపీ_బాబాయ్ | ఉదయం 8:05

కొత్త యూజర్ అక్కర్లేదమ్మా, ఇంకో దారి ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో సిస్టమ్ లొకేల్ మార్చు అన్న చోట, ప్రపంచ భాషలన్నింటికీ యూటీఎఫ్ 8 వాడు అని ఒక టిక్కు ఉంటుంది. బీటా అని రాసి ఉంటుంది. యూటీఎఫ్ 8 అంటే యూనికోడ్‌ను రాసే ఒక పద్ధతి. విండోస్ 10లో 2018 నుంచి ఉంది. అది పెట్టి రీస్టార్ట్ చేస్తే పాత ప్రోగ్రాములకు కూడా తెలుగు పేరు అందుతుంది.

కానీ మిషన్‌లో యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉంటే మాత్రం ఆ టిక్కు జోలికి పోవద్దు. నేను పోయినేడు పెట్టాను. మరునాడు ఒక పెళ్లి శుభలేఖ తెరిస్తే వరుడి పేరున్న చోట గడులు, చుక్కలు. ఆ పాత ఫాంట్లు 1252 గళ్లలోనే తెలుగు బొమ్మలు కూర్చి చేసినవి, గళ్లు మారిపోతే బొమ్మలన్నీ తారుమారు. కార్డులు ప్రింటుకు వెళ్లేలోపు చూశాను కాబట్టి సరిపోయింది. టిక్కు తీసేసి రీస్టార్ట్ చేశాక మళ్లీ దారికొచ్చింది.

కోడ్‌కూలీ | ఉదయం 8:30

గ్రాడిల్ నడిచేది జావా మీదే, జావా 18 నుంచి అంతా యూటీఎఫ్ 8 అయింది కదా? కొత్త జేడీకే (జావా పనిముట్ల కట్ట) వేస్తే చాలదా?

గుంటూరు_కోడర్ | ఉదయం 8:44

చాలదు తమ్ముడూ. 2022లో వచ్చిన జావా 18లో మారింది ఫైలు లోపలి రాత సంగతి. ఫైలు పేర్లు, ఫోల్డర్ల దారులు ఇప్పటికీ విండోస్ సెట్టింగ్‌నే అడుగుతాయి. ఈ తేడా తెలియక నేనూ ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

గ్రాడిల్ ఫోల్డర్‌ను, ఎమ్యులేటర్ ఫోల్డర్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌తో (ప్రోగ్రాములకు దారులు చెప్పే విండోస్ సెట్టింగులతో) డి డ్రైవ్‌కి మార్చవచ్చు. కానీ తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ మళ్లీ యూజర్ కిందే ఉంటుంది. ఒక చిల్లు పూడిస్తే ఇంకోటి కారుతుంది. బడి తెరిచేలోపు పని కావాలంటే కొత్త యూజరే మేలు.

స్క్రూడ్రైవర్ | ఉదయం 9:10

అంత కష్టం ఎందుకు, సెట్టింగ్స్‌లో యూజర్ పేరు మార్చేస్తే పోలా?

రాత్రిబండి | ఉదయం 9:12

పోదు. కనబడే పేరు మారుతుంది. ఫోల్డర్ పేరు మారదు.

స్క్రూడ్రైవర్ | ఉదయం 9:15

అయితే విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ప్రొఫైల్ లిస్ట్ దగ్గర దారి మార్చి ఫోల్డర్ పేరు కూడా మార్చాలి. చేస్తుంటాం.

గుంటూరు_కోడర్ | ఉదయం 9:21

మీరు చేస్తారు సార్, మీ చేయి తిరిగింది. కొత్తవాళ్లకు అది చెప్పకండి. ఒక్క గీత తప్పినా లాగిన్ అయ్యాక ఖాళీ డెస్క్‌టాప్ కనబడుతుంది. అందులో పిల్లల మార్కులున్నాయి.

టీచర్ గారూ, సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్‌కి వెళ్లి, మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా అన్న ఎంపికతో లోకల్ యూజర్‌ను చేర్చండి. పేరు ఇంగ్లీషు చిన్న బడి అక్షరాల్లో, ఖాళీ లేకుండా ఒకే పదంగా పెట్టండి. దానితో ఒకసారి లాగిన్ అయితే అప్పుడు ఫోల్డర్ పుడుతుంది. ఆ తర్వాత కనబడే పేరును మళ్లీ తెలుగులోకి మార్చుకోండి. లాగిన్ స్క్రీన్ మీద 'అక్షర' అనే కనబడుతుంది, లోపలి ఫోల్డర్ ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. పదకోశం గారికీ కాస్త ఊరట. డి డ్రైవ్‌లో ఉన్న ఎస్‌డీకేను అక్కడే ఉంచి ఆ దారి చూపించండి, మళ్లీ డౌన్‌లోడ్ అక్కర్లేదు. మీ పాత యూజర్‌ను తీసేయకండి, మార్కులూ ప్రణాళికలూ అక్కడే ఉండనీయండి.

పదకోశం | ఉదయం 9:50

కనబడే పేరైనా తెలుగులో ఉంటుందంటే సంతోషం. నేను దోషం నమోదు చేస్తాను, మీరు రాసిన ఐదు ప్రశ్నార్థకాల సంగతి అందులో పెట్టవచ్చా?

గుంటూరు_కోడర్ | ఉదయం 9:53

తప్పకుండా పెట్టండి.

బడిపంతులమ్మ | మధ్యాహ్నం 3:18

కొత్త యూజర్ చేశాను. గ్రాడిల్ కదిలింది! కానీ ఇప్పుడు ప్రాజెక్టు దారిలో ఆస్కీ (మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు) కాని అక్షరాలున్నాయి, విండోస్‌లో బిల్డ్ విఫలం కావచ్చు అంటోంది. ప్రాజెక్టు డి డ్రైవ్‌లో 'తెలుగు బడి' అనే ఫోల్డర్‌లో ఉంది. చూసుకోలేదు.

రాత్రిబండి | మధ్యాహ్నం 3:20

ఆ ఫోల్డర్ పేరూ మార్చండి. ఖాళీ కూడా లేకుండా.

గుంటూరు_కోడర్ | మధ్యాహ్నం 3:41

ఇంకొకటి కూడా ఇప్పుడే చెబుతాను, రేపు మళ్లీ టెన్షన్ పడకుండా. బొమ్మలను డ్రాయబుల్ ఫోల్డర్‌లో పెట్టేటప్పుడు 'ఆవు', 'ఇల్లు' అని తెలుగులో ఫైలు పేర్లు పెట్టకండి. అక్కడ ఇంగ్లీషు చిన్న బడి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏదీ ఒప్పుకోదు. పెద్ద బడి కూడా కుదరదు. తెర మీద కనబడే మాటలు మాత్రం హాయిగా తెలుగులో రాసుకోండి, వాటికి ఏ ఇబ్బందీ లేదు.

బడిపంతులమ్మ | రాత్రి 8:47

వచ్చింది. మా ఫోన్‌లో తెల్ల తెర మీద పెద్ద 'అ' కనబడింది. థ్యాంక్స్ అందరికీ. అన్నం తినాలి.

కోడ్‌కూలీ | రాత్రి 8:55

సూపర్ మేడమ్.

పదకోశం | రాత్రి 9:30

అభినందనలు. 'డ్రాయబుల్'కి మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పండి.

ఫైనల్_ఇయర్ | రాత్రి 11:16

నాకూ ఇదే ఎర్రర్. కానీ నా యూజర్ పేరు ఇంగ్లీషులోనే ఉంది. ప్రశ్నార్థకాలు లేవు. రెండు రోజుల నుంచి చూస్తున్నాను. ఎవరైనా ఉన్నారా?