వెనిస్ ఎత్తు చెప్పులకు టర్కీ పాంకోళ్ళే మూలమా?

1590ల వెనిస్ నాటకం కోసం ఆడవాళ్ళ ఎత్తు చెప్పులు, అంటే చొపీన్లు చేస్తున్నాను. అవి టర్కీ హమామ్‌ల (స్నానశాలల)లో తొడిగే చెక్క పాంకోళ్ళు, అంటే నలిన్‌ల నుంచే వచ్చాయని మా దర్శకుడి మాట. అందుకని 1738లో ఇస్తాంబుల్ చేరిన స్విస్ చిత్రకారుడు లియోటార్ గీసిన హమామ్ బొమ్మ చూసి మొదటి జత చేశాను. 12 సెంటీమీటర్ల ఎత్తు, వేప చెక్క, మడమ కింద ఒక దిమ్మ, మునివేళ్ళ కింద ఇంకొకటి, పైన తోలు పట్టీ. అచ్చం మన పాంకోళ్ళకు అక్కచెల్లెళ్ళే, చూస్తే ముచ్చటేసింది. కానీ నటి నాలుగడుగులు వేసేసరికి ముందుకు తూలిపోతోంది. దిమ్మలు 2 సెంటీమీటర్లు వెడల్పు చేశాను, అడుగున రబ్బరు అంటించాను. లాభం లేదు.

తీరా మ్యూజియం ఫొటోలు చూస్తే వెనిస్ జతలకు దిమ్మలు రెండు లేవు. ఒకటే చెక్క పీఠం, నడుమ సన్నం, అడుగు వెడల్పు, మొత్తం తోలో మఖమలో కప్పి ఉంది. వెనిస్ చిత్రకారుడు కార్పాచ్చో 1490ల నాటి 'ఇద్దరు వెనిస్ స్త్రీలు' చిత్రంలో పక్కన విడిచిన ఎర్ర జతదీ ఒకే పీఠం. స్పెయిన్ చాపీన్లేమో మందపాటి బెండువి. ప్రదర్శనకు మూడు వారాలే ఉంది, రెండో జత తప్పకూడదు.

1600కు ముందు వెనిస్‌లో రెండు దిమ్మల చొపీన్ ఉన్నట్టు చూపే బొమ్మగానీ, అసలు జతగానీ మీరెవరైనా చూశారా?