కైరల్ మందుల తయారీలో లోహ ఉత్ప్రేరకాల పని అయిపోయిందా?

పెన్నాతీరం (అనంతపురం): ఎమ్మెస్సీ ఆర్గానిక్ రెండో ఏడాది చదువుతున్నా. కైరల్ మందుల్లో (అణువు కుడిచేయి, ఎడమచేయిలా రెండు రూపాల్లో ఉంటే, కావాల్సిన ఒక్క రూపాన్నే తయారుచేసేవి) రోడియం, రుథీనియం లాంటి లోహాల కాలం అయిపోయింది, ఇక అంతా ఎంజైములదే అని మా సీనియర్ అంటున్నాడు. ప్రాజెక్టు దేనిమీద తీసుకోమంటారు?

బురుజు (కర్నూలు): ఆయన చెప్పింది నిజమే. షుగర్ మందు సిటాగ్లిప్టిన్‌ను మొదట రోడియంతో, హై ప్రెషర్ హైడ్రోజనేషన్‌తో (ఒత్తిడిలో హైడ్రోజన్ చేర్చడం) చేసేవాళ్లు. మెర్క్, కోడెక్సిస్ కంపెనీలు కలిసి ఎంజైమ్ పద్ధతి తెచ్చి 2010లో ప్రకటించాయి. రోడియం పోయింది, దిగుబడి పెరిగింది. ఇంకేం కావాలి?

గండికోట (కడప): ఒక్క మందు చూపించి మొత్తం శాస్త్రాన్ని పాతిపెడతారా సార్? పార్కిన్సన్స్‌కు వాడే ఎల్-డోపాను మోన్సాంటో కంపెనీలో నోల్స్ రోడియంతోనే సాధించాడు. నొయోరి బైనాప్ లిగాండుతో (లోహానికి అతుక్కుని, ఏ రూపం రావాలో నిర్ణయించే అణువు) జపాన్‌లో మెంథాల్ టన్నుల్లో తయారైంది. షార్ప్‌లెస్‌తో పాటు వాళ్లిద్దరికీ 2001లో నోబెల్ ఊరికే ఇచ్చారా? మెటలాక్లోర్ కలుపుమందుకు వాడే ఇరిడియం ఉత్ప్రేరకమైతే, ఒక్కో అణువూ పది లక్షల సార్లు పనిచేస్తుంది.

వేమన భక్తుడు: 2021 నోబెల్ లిస్ట్, మెక్‌మిలన్‌లకు లోహం లేని పద్ధతికే కదా. ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం చాలు.

బురుజు: మందులో మిగిలే లోహం సంగతి ఎవరూ మాట్లాడరే? నోటితో వేసుకునే మందులో రోడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. మా ప్లాంటులో ఒక బ్యాచ్‌కు లోహం ఎక్కువొస్తే చార్‌కోల్ వేసి తెల్లవార్లూ వడగట్టాం. చివరికి తప్పంతా షిఫ్టులో ఉన్న నామీదకు తోశారు.

గండికోట: మీకు జరిగింది అన్యాయమే. కానీ అది మేనేజ్‌మెంట్ తప్పు, రోడియం తప్పు కాదు. లోహాన్ని మొదటి మెట్లలోనే వాడితే, తర్వాతి క్రిస్టలైజేషన్లలో చాలావరకు పోతుంది.

బురుజు: బోర్డు మీద బైనాప్ బొమ్మ గీసి పరీక్షకు పంపే మీకు ప్లాంటు కష్టం ఏం తెలుస్తుంది?

గండికోట: గీయక ఏం చేయమంటారు? గాలి తగిలితే చాలా ఫాస్ఫీన్ లిగాండ్లు పాడైపోతాయి. మా దగ్గర గ్లవ్‌బాక్స్ (గాలి తగలకుండా పనిచేసే పెట్టె) లేదు. రెండు రూపాలనూ విడదీసి చూపే కైరల్ కాలమ్ అడిగితే ఫైలు కదలదు. అయినా పిల్లలకు చెప్పడం మానలేదు. హైదరాబాద్ ఇంటర్వ్యూల్లో వాళ్లను అడిగేది అదే.

బురుజు: నా బాధా అదే సార్! చేత్తో ఎప్పుడూ చేయనిదాన్ని ప్రాజెక్టుగా అంటగడితే, ఆ ఇంటర్వ్యూలోనే మనవాడు నీళ్లు నములుతాడు. ప్రోలిన్‌తో ఆల్డాల్ చర్య అయితే మామూలు ఫ్లాస్కులో తనే చేసుకుంటాడు.

గండికోట: ల్యాబు లేదని సీమ పిల్లలు లోహాల జోలికే పోకూడదా? ల్యాబు అడగడం మానేస్తే ఎప్పటికీ రాదు.

బురుజు: మీరు అడగండి, నేనూ సంతకం పెడతా. వాడి రెండో ఏడాది మాత్రం ఆగదు కదా.

పెన్నాతీరం: సార్, గ్లవ్‌బాక్స్ లేకుండా లోహంతో చేయగలిగేది ఏదైనా ఉందా?

గండికోట: ఉంది. షార్ప్‌లెస్ ఎపాక్సిడేషన్ (డబుల్ బాండ్‌కు ఒక ఆక్సిజన్ చేర్చే చర్య). టైటానియం చవక, దానికి లిగాండుగా వాడే టార్ట్రేట్ దొరుకుతుంది. తేమ లేని డైక్లోరోమీథేన్, తేమ పీల్చే మాలిక్యులర్ సీవ్స్, మైనస్ 20 డిగ్రీలు కావాలి. ఏ రూపం ఎక్కువ వచ్చిందో చూసే పోలారిమీటర్ మీ కాలేజీలో ఉండే ఉంటుంది.

బురుజు: ఏప్రిల్‌లో, అనంతపురంలో, మైనస్ 20! కరెంటు పోతే?

గండికోట: ఐసు, ఉప్పు కలిపితే ఆ దరిదాపులకు వస్తుంది. దగ్గర కూర్చుని మార్చుకుంటూ ఉండాలి, అంతే.