లండన్ స్వర్ణకారుల సంఘం వేసిన ముద్రలను జనం ఎలా నమ్మారు?

ప్రశ్న:
లండన్‌లో ఉంటున్న మా అక్క అక్కడి పాత సామాన్ల దుకాణంలో ఒక వెండి చెంచా కొని పంపింది. కాడ వెనుక ఐదు చిన్న ముద్రలున్నాయి: నడుస్తున్న సింహం, కిరీటం లేని చిరుతపులి తల, ఒక ఇంగ్లీషు అక్షరం, ఎడమవైపు చూస్తున్న రాణి ముఖం, రెండు పొడి అక్షరాలు. స్వర్ణకారుల సంఘం పరీక్షించి వేసిన ముద్రలని దుకాణదారు చెప్పారట. వస్తువులు చేసి అమ్ముకునేవారి సంఘమే వాటి స్వచ్ఛతకు పూచీ పడితే, కొనేవారు ఆ మాటను ఏ ధైర్యంతో నమ్మేవారో తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు 1:
ముందు మీ చెంచా సంగతి చెబుతాను. పొడి అక్షరాలు తయారీదారువి. ప్రతి పనివాడికీ సొంత గుర్తు ఉండాలన్న నియమం 1363 నాటిది. సింహం ఉంటే 1000 పాళ్లలో 925 పాళ్లు వెండి అని అర్థం. చిరుతపులి తల లండన్ పరీక్షాలయానిది. దానికి 1821 వరకు కిరీటం ఉండేది. రాణి ముఖం పన్ను చెల్లించినందుకు గుర్తు, అది 1890 వరకే ఉంది. కాబట్టి మీ చెంచా విక్టోరియా రాణి కాలంలో, 1837కూ 1890కీ మధ్య తయారైనది. మిగిలిన అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది.

జవాబు 2:
మీ అసలు సందేహానికి సమాధానం ఆ సంవత్సరపు అక్షరంలోనే ఉందని నా అభిప్రాయం. ఇంగ్లండు వెండి నాణెమైన స్టెర్లింగ్‌లోని వెండి కన్నా తక్కువ వన్నె గల వస్తువు అమ్మరాదని 1300లో మొదటి ఎడ్వర్డ్ రాజు శాసనం చేసినప్పుడు, వృత్తి పెద్దలే అంగడి అంగడికీ తిరిగి పరీక్షించి చిరుతపులి ముద్ర వేసేవారు. 1327లో సంఘానికి రాజు నుంచి అధికార పత్రం లభించింది. అయితే తప్పుడు సరుకుకు ముద్ర పడితే బాధ్యులెవరన్న చిక్కు మిగిలింది. 1477 నాటి చట్టం ఆ నష్టాన్ని సంఘం మీదే మోపింది. మరుసటి ఏడు సంఘం తన భవనంలోనే జీతం మీద పరీక్షకుణ్ణి నియమించి, ఏటేటా మారే అక్షరాన్ని వేయించడం మొదలుపెట్టింది. ఎన్నేళ్ల తరువాత లోపం బయటపడినా, అది ఎవరి హయాంలో పరీక్షకు నెగ్గిందో ఆ ఒక్క అక్షరం పట్టి ఇచ్చేది. చేసినవాడితోపాటు పరీక్షించినవాడిని కూడా బాధ్యుణ్ణి చేసిన ఈ ఏర్పాటే నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

పరీక్ష కూడా పైపై తంతు కాదు. గీటురాయి బంగారానికి పనికివస్తుంది గాని వెండి వన్నెను అంత కచ్చితంగా చెప్పలేదు. అందుకే వస్తువు నుంచి కాస్త గీకి తూచి, సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో కరిగించేవారు. సీసం రాగిని తనలో కలుపుకొని మూసలోకి ఇంకిపోగా మిగిలిన వెండి పూసను మళ్లీ తూచేవారు. తగ్గిన బరువే కల్తీ. పరీక్షలో తప్పిన వస్తువును విరగ్గొట్టి తిప్పి పంపేవారు.

జవాబు 3:
మన హాల్‌మార్కింగ్‌లోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. 2021 జూలై నుంచి బంగారు నగలపై వేస్తున్న ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే, నగల వ్యాపారి వివరాలతోపాటు పరీక్షించిన కేంద్రం వివరాలు కూడా తెలుస్తాయి. అయితే ఇక్కడ పరీక్షా కేంద్రాలకు గుర్తింపు ఇచ్చేది వృత్తి సంఘం కాదు, భారతీయ ప్రమాణాల సంస్థ.

ఇక ఆ చెంచాను విభూతితో గట్టిగా తోమకండి. ముద్రలు అరిగితే ఏ సంవత్సరానిదో తేల్చడం కష్టమవుతుంది.