తేమ మిషన్ మూడుసార్లూ ఒకే అంకె చూపిస్తే అది కరెక్టేనా?

కళ్యాణదుర్గం రైతు:
మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. ఈ ఖరీఫ్‌లో కదిరి-6 రకం శెనక్కాయ వేశాను. పోయిన మంగళవారం 14 క్వింటాళ్ల శెనక్కాయలు ట్రాక్టర్‌లో వేసుకుని అనంతపురంలో ఒక వ్యాపారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒక మూట విప్పి, పైనుంచి దోసెడు కాయలు తీసి తేమ మిషన్‌లో పోసి 11.1 అన్నాడు. ఎనిమిది దాటితే ఒక్కో శాతానికి క్వింటాకు కిలో తరుగు ఆయన లెక్క. మొత్తం 43 కిలోలు పోయినట్టే.

నా దగ్గరా ఒక చిన్న మిషన్ ఉంది. బయల్దేరే ముందు ఇంట్లో చూసుకున్నాను కాబట్టి ధైర్యంగా అక్కడే బయటికి తీశాను. ఆయన పోసిన కాయలే పోశాను. మొదటిసారి 7.9. రెండోసారి 9.6. మూడోసారి 8.4. ఆయన నవ్వి, అవే కాయలు తన మిషన్‌లో మళ్లీ మూడుసార్లు పోశాడు: 11.2, 11.0, 11.1.

"చూడబ్బా, నాది మాట తప్పదు. నీది పూటకో మాట చెబుతుంది. ఏది నమ్మాల?" అన్నాడు. చుట్టూ ఉన్న హమాలీలు కూడా నవ్వారు. నాకు నోరు పెగల్లేదు. తరుగు తీయించుకుని డబ్బులు తీసుకున్నాను. కానీ ఆ దోసెడు కాయలు, అదే మూట పైనుంచి ఇంకో రెండు దోసెళ్లు పాలిథిన్ కవర్లో వేసి, గాలి పోకుండా మూతి బిగించి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఇంట్లో ఉన్నాయి.

ఆయన మాట నిజమేనా? ఎప్పుడు చూసినా ఒకే అంకె వస్తే ఆ అంకె కరెక్టు అనుకోవాల్సిందేనా?

గుంతకల్లు బ్రో:
చవక మిషన్లతో ఇదే గొడవ అన్నా. పారేసి మంచిది కొనుక్కో.

మిల్లు ల్యాబ్:
ఆదోనిలో నూనె మిల్లు ల్యాబ్‌లో 19 ఏళ్లుగా చేస్తున్నాను. పారేయకండి, ముందు ఇది వినండి.

మా దగ్గర శాంపిల్‌ని ఓవెన్‌లో ఆరబెట్టి, తగ్గిన బరువును బట్టి తేమ లెక్కేస్తాం. ఒకసారి ఆ ఓవెన్ డయల్ మీద 103 డిగ్రీలు చూపిస్తుంటే లోపల 96 మాత్రమే ఉండేది. మాకు తెలీదు. రెండు నెలలు రోజూ శాంపిళ్లు ఆరబెట్టాం. ఒకే శాంపిల్‌ని నాలుగు గిన్నెల్లో పెడితే నాలుగూ ఒకటే చెప్పేవి. ఎంత బాగా పనిచేస్తున్నామో అని మేమే మురిసిపోయాం. చివరికి అదే సరుకు కొన్నవాళ్లు వాళ్ల ల్యాబ్‌లో చూసుకుని గొడవకొస్తే తెలిసింది, మేం రోజూ అర శాతం పైనే తక్కువ చెబుతున్నామని. నాలుగు గిన్నెలూ ఒకే ఓవెన్‌లో ఉన్నప్పుడు నాలుగూ ఒకే తప్పు చెబుతాయి కదా. బయటి నుంచి ఇంకోటి తెచ్చి పక్కన పెడితే తప్ప తప్పు బయటపడదు. మీ వ్యాపారి చేసింది కూడా తన మిషన్‌ని తన మిషన్‌తోనే సాక్ష్యం చెప్పించడం.

అయితే ఒక మాట, మీకు నచ్చకపోవచ్చు. రెండింట్లో ఒకటి తీసుకోమంటే నేను ఆయన మిషనే తీసుకుంటాను. ఎప్పుడూ ఒకే తేడా ఉందనుకోండి, ఆ తేడా ఎంతో ఒక్కసారి కనిపెడితే తీసేసి చదువుకోవచ్చు. మీది ఒకసారి కిందికీ ఒకసారి పైకీ పోతోంది, దేన్ని తీసేస్తారు? పదిసార్లు పోసి సగటు తీసుకోవడం ఒక్కటే దారి. పోసే తీరు కూడా చూడండి. ఒకసారి గుమ్మరించి, ఒకసారి తట్టి కూరితే అంకె మారుతుంది.

ఎందుకు మారుతుందంటే, ఈ మిషన్లు నీళ్లను నేరుగా కొలవవు. కాయల గుండా కరెంటు ప్రభావం ఎలా ఉందో చూసి, దాన్ని బట్టి తేమ ఇంత ఉండాలి అని లెక్క చెబుతాయి. ఆ ప్రభావానికి ఏ వస్తువు ఎంత స్పందిస్తుందో చెప్పే అంకెను డైఎలెక్ట్రిక్ విలువ అంటారు, అది నీటికి 80 దాకా ఉంటుంది, ఎండు గింజకు చాలా తక్కువ. అందుకని కొంచెం నీరున్నా పట్టేస్తాయి. కానీ కాయల మధ్య ఖాళీ, కాయ వేడి, పైన పట్టిన మంచు, ఇవన్నీ కూడా అదే అంకెలో కలిసిపోతాయి. అందుకే ప్రతి పంటకూ వేరే పట్టిక, వేరే కోడు. శెనక్కాయకు, ఒలిచిన పప్పుకు కూడా వేర్వేరు. ఆయన మిషన్ మీద ఆ రోజు ఏ కోడు ఉందో చూశారా? నా అనుమానమంతా అక్కడే.

కవర్లో కాయలున్నాయి కాబట్టి తేల్చుకోవచ్చు. డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఓవెన్ ఉంటుంది. వంద గ్రాములు తూచి, కాయలు ఒలిచి, పొట్టూ పప్పూ రెండూ పెట్టి, 103 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టండి. పోయిన గ్రాములే శాతం. ఇంట్లో వంటకు వాడే కాటాతో పది గ్రాములు తూచి మాత్రం చేయకండి. ఆ కాటా అర గ్రాము అటూ ఇటూ అయితే చాలు, అయిదు శాతం తేడా వచ్చేస్తుంది. ఇంకోటి, పోయిన నీటిని మొదటి బరువుతోనే భాగించండి. కొందరు ఎండిన బరువుతో భాగిస్తారు, అప్పుడు అంకె పెద్దదవుతుంది.

ఓవెన్ కూడా దేవుడేం కాదు. నీటితో పాటు ఆవిరయ్యేవన్నీ పోతాయి. నూనె గింజలకు వాడే ఐఎస్‌ఓ 665 పద్ధతి పేరులోనే "తేమ, ఆవిరయ్యే పదార్థాలు" అని ఉంటుంది. కానీ మీ తగాదా తేలడానికి అది చాలు.

ఉరవకొండ అక్క:
మిషన్ల సంగతి సరే తమ్ముడూ, 14 క్వింటాళ్లకు ఒక మూట పైన దోసెడా? తెల్లవారుజామున లోడు ఎత్తుంటావు, పట్ట కప్పావో లేదో. పైకాయకు మంచు పడితే అది వేరు, మూట అడుగున కాయ వేరు. మేమైతే అయిదారు మూటల్లో మధ్య నుంచి తీసి కలిపి చూడమంటాం. వాళ్లకు విసుగే, అయినా అడగాల్సిందే.

మా నాయన మిషన్ ఎరగడు. కాయ చెవి దగ్గర పెట్టి ఆడించేవాడు, గలగలమంటే ఆరినట్టు. వాన సరిగ్గా పడని ఏడు ఆ చెవే మమ్మల్ని ముంచింది. పప్పు నిండక ముడుచుకుపోయి లోపల ఖాళీ ఎక్కువై, పచ్చికాయ కూడా గలగలమంది. అట్టే మూటలు కట్టి గదిలో వేశాం. నెలకే బూజు. చెవి విన్నది ఖాళీని, ఆరడాన్ని కాదు.

మిల్లు ల్యాబ్:
అక్క చెప్పింది నేను రాసినదాని కంటే బాగుంది. ఆ బూజు వల్లే ఎనిమిది శాతం దగ్గర ఇంత పట్టుబడతారు. తేమ ఉంటే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది. అది ఒకసారి చేరాక మళ్లీ ఎండబెట్టినా పోదు.

కళ్యాణదుర్గం రైతు:
మా బామ్మర్ది చదివిన కాలేజీలో చేయించాను. ల్యాబ్ అటెండర్‌కు రెండు టీలు, ఒక పూట. 100 గ్రాములు పెడితే చివరికి 90.8 దగ్గర ఆగింది. అనుమానం తీరక ఇంకో వంద పెట్టించాను, 90.7. అంటే 9.2, 9.3. నా మిషన్ సగటు 8.6. ఆయనది 11.1.

కవర్లో మిగిలిన కాయలు పట్టుకుని నిన్న మళ్లీ వెళ్లాను. గొడవ పడలేదు, మిషన్ ఒకసారి చూపించమన్నాను. స్క్రీన్ మీద మొక్కజొన్న కోడు! అంతకు ముందు వారం మొక్కజొన్న కొన్నారట, గుమాస్తా మార్చడం మరిచాడట. శెనక్కాయ కోడు పెట్టి అవే కాయలు పోస్తే 9.5. మళ్లీ పోస్తే 9.5. ఈసారి ఎవరూ నవ్వలేదు.

9.2 లెక్కన నాకు పోవాల్సింది 17 కిలోలు, పోయింది 43. ఆ 26 కిలోల డబ్బులు అడిగితే, "నీ కవర్లో ఉండేది ఒక్క మూట కాయలు. 14 క్వింటాళ్లూ అంతే అని ఎట్ల చెప్తావబ్బా?" అన్నాడు. అక్క అన్న మాటే నాకే తిప్పికొట్టాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే లోడుకు చూసుకుందాం అన్నాడు. కళ్లంలో ఇంకో 9 క్వింటాళ్లున్నాయి. ఆదివారం ఎండెక్కాక ఎత్తుతాను, పట్ట కప్పుకుని. ఆరు మూటలు విప్పించే దాకా కాటా ఎక్కించను.